ధర్మకాటా మార్లిస్, పక్క కుర్చీ

నూట అరవై చలికోట్లు లెక్కపెట్టాను. మనుషుల్ని లెక్కపెట్టలేదు. తప్పంతా అక్కడే ఉంది, అది నాదే. ముందే ఎందుకు ఒప్పేసుకుంటున్నానంటే, మార్లిస్ హ్రుష్కా గురించి ఎవరేం రాసినా ఆమె మొదట వెతికేది రాసినవాడి తప్పునే.

మా యూనివర్సిటీ విద్యార్థి సంఘానికి ఏటా నలుగుర్ని ఎన్నుకుంటాం. ఒక అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు. ఎన్నికలప్పుడు వాళ్ళ పోస్టర్లలో పళ్ళు కనిపిస్తాయి. గెలిచాక తలుపులు కనిపిస్తాయి, మూసి ఉన్నవి. మార్లిస్ పోస్టర్‌లో మాత్రం పళ్ళు లేవు. మొహం కూడా సగమే ఉంది. దాని మీద ఒకటే వాక్యం: "విచారణకి పిలిచారా? నీ పక్కన నేను కూర్చుంటా." నేను ఆ పోస్టర్లకి మీసాలు గీశాను, మూడు భవనాల్లో. అయినా గెలిచింది. మీసాలు కలిసొచ్చాయని ఇప్పటికీ నా అనుమానం.

అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు. మిగిలిన ముగ్గురు నాయకులకూ మీసం సరిగ్గా మొలవని వయసు. సంఘంలోకి రాకముందు ఆమె ఉత్తరాన ఓ చిన్న ఊళ్ళో, రైలు పట్టాల పక్కన ధాన్యం గిడ్డంగిలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. రైతుల లారీలు కాటా ఎక్కేవి. బరువు రాసుకుని, గుప్పెడు గోధుమలు తీసి, ఒక గింజ కొరికి, తడి ఎంతో, తాలు ఎంతో చెప్పేది. ఎదురుగా ఎంత పెద్ద రైతు నిలబడినా ఆ అంకె మారేది కాదట. ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చుకుంది. ఎవరైనా తలుపు తీసుకుని లోపలికొస్తే పైనుంచి కిందికి ఒక చూపు చూసేది, అంతే, నీలో తాలెంతో నీకే తెలిసిపోయేది. అందుకే ధర్మకాటా అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆమెను ఇష్టపడ్డవాళ్ళు క్యాంపస్‌లో తక్కువ. తోటి నాయకులకు ఆమె అంటే చిరాకు, ఎందుకంటే వాళ్ళు కచేరీలు పెట్టిస్తామంటే ఆమె నిబంధనల పుస్తకం తెరిచేది. విద్యార్థులకు కోపం, ఎందుకంటే ఏడుస్తూ వస్తే ఓదార్చేది కాదు.

"ఏడుపు తర్వాత. ముందు ఉత్తరం చూపించు. తారీఖెప్పుడు? నువ్వు కాపీ కొట్టావా, లేదా? నాకు అబద్ధం చెప్పకు, వాళ్ళకి చెప్పేదానికి ఓపిక మిగుల్చుకో."

ఇదీ ఆమె పలకరింపు.

ఆమె పని ఏమిటంటే, కాపీ కొట్టారనో, గొడవ చేశారనో యూనివర్సిటీ ఎవరినైనా విచారణకి పిలిస్తే ఆ గదిలో వాళ్ళ పక్కన కూర్చోవడం. పక్క కుర్చీ అంటారు దాన్ని. ఎదురుగా ముగ్గురు కమిటీవాళ్ళు, ఇటు ఒక కుర్రాడో పిల్లో, పక్కన ఈమె. ఈమె వాదించకూడదు, మాట్లాడకూడదు. చెవిలో ఒక మాట చెప్పొచ్చు, ఐదు నిమిషాల విరామం అడగొచ్చు. అంతే. కానీ ఆమెకు ఒక పద్ధతి ఉంది. లోపలికి వెళ్ళేముందే చెప్పేది: "నా చేతిలో పెన్ను ఉంటుంది. అది బల్ల మీద పెట్టానంటే నువ్వు ఎక్కడున్నావో అక్కడే నోరు మూసేయ్. వాక్యం మధ్యలో ఉన్నా సరే." ఆ ఏడాది నలభై ఏడు విచారణల్లో కూర్చుంది. ఆ పెన్ను ఎంతమందిని కాపాడిందో చెప్పడం కష్టం. కొంతమంది తమని కాపాడింది తమ తెలివేననుకున్నారు.

ఎన్నికల సభలో ఎవడో అడిగాడు, ఈ వయసులో నీకిదేం సరదా అని. ఆమె లేచి రెండు నిమిషాల్లో చెప్పేసి కూర్చుంది. పందొమ్మిదేళ్ళప్పుడు ఇదే యూనివర్సిటీలో చదివిందట. కెమిస్ట్రీ ల్యాబ్ రిపోర్టు ఆమెదీ, జంటగా పనిచేసిన అమ్మాయిదీ ఒకేలా ఉన్నాయి. ఆ అమ్మాయి తండ్రి వకీలు, విచారణ నాటికి అన్నీ నేర్పి పంపించాడు. మార్లిస్ ఒక్కతే వెళ్ళింది. అప్పట్లో పక్క కుర్చీ లేదు. భయంతో అడగనివన్నీ చెప్పింది, అడిగినవి చెప్పలేదు. ఎనిమిది నిమిషాలు. ఏడాది బహిష్కారం. ఏడాదికని ఊరెళ్ళింది, గిడ్డంగిలో తొమ్మిదేళ్ళు ఉండిపోయింది.

"తిరిగొచ్చేసరికి ఆ గదిలో ఇంకో కుర్చీ వేసి ఉంది," అంది ఆ రోజు. "అది ఖాళీగా ఉండకూడదని నిలబడుతున్నా. కచేరీలు కావాలంటే ఇంకెవరికైనా వేసుకోండి."

ఆ కుర్చీ ఊరికే రాలేదు. సంఘానికీ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం, మూడేళ్ళకోసారి కొత్తగా రాసుకోవాలి. మార్చి ముప్ఫై ఒకటిలోపు సంఘం సర్వసభ్య సమావేశం తీర్మానం చేస్తే ఇంకో మూడేళ్ళు ఉంటుంది. చేయకపోతే పోతుంది. పోతే బాగుండునని యూనివర్సిటీ పెద్దలు కూర్చున్నారు.

సమావేశానికి కోరం నూట యాభై మంది. వేలమంది ఉన్న చోట నూట యాభై ఎంతలే అనుకుంటారు. మార్చి నెలలో, మైనస్ ముప్ఫైలో, బడ్జెట్ నివేదిక వినడానికి నూట యాభై మందిని పోగుచేసి చూడండి. అంతకుముందు రెండేళ్ళూ కోరం లేక సభ వాయిదా పడింది. మార్లిస్ ఏం చేసిందంటే, వాళ్ళ ఊరి చర్చి ఆడవాళ్ళ చేత పన్నెండు వందల పెరోగీలు చేయించి కారులో వేసుకొచ్చింది. కజ్జికాయల్లాంటి పిండి మడతల్లో బంగాళాదుంప, జున్ను కూరి ఉడకబెట్టి, పైన వేయించిన ఉల్లిపాయలు. హాలు తలుపు తీయగానే ఆ వాసన సగం క్యాంపస్‌ని లాక్కొచ్చింది. నేనూ ఆ వాసనకే వెళ్ళాను. కాదు, అబద్ధం. నాకు అక్కడ పనుంది.

నా తీర్మానం ఒకటుంది. చలికాలంలో మా క్యాంపస్ అంతా తెల్లకుందేళ్ళు తిరుగుతుంటాయి. వాటిలో పెద్దదాన్ని సంఘానికి గౌరవ అధ్యక్షుణ్ణి చేయాలని జనవరిలోనే రాసిచ్చాను. సభ్యుల తీర్మానాలు అందిన వరుసలోనే చర్చకి రావాలని నిబంధన. నాది ఆమెదానికంటే ముందు అందింది. కాబట్టి ముందు కుందేలు, తర్వాత కుర్చీ.

సభ నడిపేవాడు ఆమోస్ ఫ్రీసెన్, గొంతు లేవని మంచివాడు. మొదట్లో చేతులెత్తించి లెక్కపెట్టాడు: నూట యాభై తొమ్మిది. మా దగ్గర ఒక మర్యాద ఉంది. మొదట ఒకసారి లెక్క తేలాక, మళ్ళీ ఎవరూ అడగనంతవరకు అందరూ ఉన్నట్టే. కళ్ళముందు ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నా ఉన్నట్టే. ఎవరూ అడగరు. అడగకూడదని ఎక్కడా రాసిలేదు, అందరికీ తెలుసు, అంతే.

నేను లేచి కుందేలు గుణగణాలు పదకొండు నిమిషాలు వర్ణించాను. బాగా నవ్వారు. కచేరీల ఉపాధ్యక్షుడు కూడా నవ్వాడు. అప్పుడు మార్లిస్ లేచింది.

"అధ్యక్షా, నిబంధన నాలుగు. పదవిలో ఉండేవాళ్ళు కనీసం మూడు సబ్జెక్టులు చదువుతుండాలి. కుందేలు ఎన్ని చదువుతోందో లాప్లాంట్ చెప్పాలి."

"ఏం చదవట్లేదు," అన్నాను. లాప్లాంట్ నేనే.

"లాప్లాంట్ ఎన్ని చదువుతున్నాడో కూడా చెబితే బాగుంటుంది."

రెండే చదువుతున్నాను. అందరికీ తెలుసు.

"అయితే ఇద్దరూ అర్హులు కారు. ఇద్దరిలో కుందేలే కాస్త వేగం."

హాలు పగిలిపోయేలా నవ్వారు. పదకొండు నిమిషాలు నేను పోగుచేసుకున్న నవ్వంతా ఒక్క ముక్కతో నా చేతిలోంచి లాక్కుపోయింది. ఊరికే అల్లరి చేసుకు బతికేవాడికి ఇంతకంటే అవమానం లేదు. ఆమోస్ తర్వాతి అంశం చదువుతున్నాడు, పక్క కుర్చీ ఒప్పందం పునరుద్ధరణ. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ పొడవునా చలికోట్లు. నూట అరవై దాకా ఉన్నాయి, చకచకా లెక్కపెట్టేశాను. బయట మైనస్ ముప్ఫై, కోటు వదిలేసి ఎవడు పోతాడు? కాబట్టి అందరూ ఇక్కడే ఉన్నారు, అటూ ఇటూ తిరుగుతున్నారు. లెక్క అడిగితే పది నిమిషాలు వృథా అవుతుంది, ధర్మకాటాకి ఒళ్ళు మండుతుంది, అంతకంటే నష్టమేం లేదు అనుకున్నాను.

"అధ్యక్షా, కోరం లెక్కపెట్టాలి."

ఆమోస్ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

"బాబూ, నిజంగానే అడుగుతున్నావా?"

"నిజంగానే."

"ఇంకోసారి ఆలోచించుకో."

"లెక్కపెట్టండి సార్."

లెక్కపెట్టాడు. నూట ముప్ఫై ఎనిమిది.

నేను మర్చిపోయింది సొరంగాన్ని. ఈ క్యాంపస్‌లో భవనాలన్నీ నేలకింద సొరంగాలతో కలిసి ఉంటాయి. మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదటి సంవత్సరం వాళ్ళకి కెమిస్ట్రీ ల్యాబ్. పెరోగీలు తినేసి, కుందేలు కథ వినేసి, కోట్లు ఇక్కడే వదిలేసి సొరంగంలోంచి ల్యాబ్‌కి పోయారు, సాయంత్రం వచ్చి తీసుకుందామని. నేనూ రోజూ అదే చేస్తాను. కుందేలు మీద నేను తిన్న ఆ పదకొండు నిమిషాలూ లేకపోతే వాళ్ళు పోయేలోపే ఓటు అయిపోయేది. అది కూడా తర్వాతే తట్టింది.

ఆమోస్ గొంతు సవరించుకుని సభ ముగిసిందన్నాడు. మళ్ళీ సభ పెట్టాలంటే ఇరవై ఒక్క రోజుల నోటీసు. మార్చి నెలలో మిగిలింది పదమూడు.

మార్లిస్ చేతిలో తీర్మానం కాగితం అలాగే ఉంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, ఎంగిలి ప్లేట్లు తీయడం మొదలుపెట్టింది. నేను సాయం చేయబోతే ప్లేటు వెనక్కి లాక్కుంది.

"కోట్లు చూశావు కదూ?"

"అవును."

"బస్తాలు చూసి బరువు చెప్పేవాళ్ళు మా గిడ్డంగికీ వచ్చేవాళ్ళు. వాళ్ళని కాటా దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు."

మూడు రోజుల్లో నాలుగు వందల సంతకాలు పోగుచేసింది. వాటి పెట్టె నన్ను మోయమంది. "క్షమించానని కాదు. బరువుంది," అంది. ఇద్దరం విచారణ కమిటీ పెద్ద, డీన్ థర్లో గారి గదికి వెళ్ళాం. ఆయన చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, కాఫీ ఇమ్మంటారా అన్నాడు, పెట్టె మూత కూడా తీయలేదు.

"సంతకాలు కాదమ్మా, సభ తీర్మానం కావాలి. మీ నిబంధనే అది, మాది కాదు."

"తెలుసండి. ఒక్క నెల గడువు పెంచండి. ఏప్రిల్‌లో పందొమ్మిది విచారణలున్నాయి."

"కావాలనుకుంటే మీ సభ్యులు గడువులోపే ఓటేసేవాళ్ళుగా. వాళ్ళకే అక్కర్లేదనిపించిందేమో."

"అక్కర్లేదనిపించింది వాళ్ళకి కాదండి. ఇదిగో, వీడికి." నన్ను చూపించింది.

థర్లో గారు నావైపు చూసి నవ్వారు. అంత ఆప్యాయంగా ఆ యూనివర్సిటీలో నన్నెవరూ చూడలేదు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏప్రిల్ ఒకటిన కుర్చీ తీసేశారు. ఏప్రిల్ ఆరున నాకు ఉత్తరం వచ్చింది.

ఫిబ్రవరిలో నేనొక పని చేశాను. తీవ్రమైన చలి కారణంగా పరీక్షలు సొరంగాల్లో జరుపుతామని, పరీక్షల విభాగం అచ్చులోనే ఒక నోటీసు తయారుచేసి గోడలకి అంటించాను. అరవై మంది పెన్సిళ్ళతో సొరంగంలో బారుగా కూర్చున్నారు. అంత అందమైన దృశ్యం నా జీవితంలో చూడలేదు. ఇప్పుడు దాని మీద విచారణ, ఇరవయ్యో తారీఖున.

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. వరసలో నా ముందు నలుగురున్నారు. నా వంతు రాగానే ఆమె చెయ్యి చాపింది.

"ఉత్తరం." చదివింది. చాలాసేపు చదివింది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"నువ్వే చేశావా?"

"నేనే."

"ఎవరైనా పరీక్ష పోగొట్టుకున్నారా?"

"లేదు. అరగంటలో తెలిసిపోయింది."

"ఇంకేమైనా చేశావా? నాకు చెప్పు, వాళ్ళకి కాదు."

చెప్పాను. ఇంకో రెండు ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇవి వాళ్ళకి తెలియవు. తెలియనివ్వకు. నోటీసు గురించి అడుగుతారు, అవునంటావు, తప్పంటావు, ఆపేస్తావు. మూడు ముక్కలు. వాళ్ళు మాట్లాడకుండా నిన్నే చూస్తూ కూర్చుంటారు. ఆ ఖాళీని నింపకు. నీకు ఖాళీ కనిపిస్తే నింపే జబ్బుంది."

"నువ్వు రాలేవా?"

"ఎక్కడ కూర్చోమంటావు? నీ ఒళ్ళోనా?"

రోజూ భోజనాల వేళ ఫలహారశాలలో ఆమె కమిటీ అయ్యేది, నేను నేనే అయ్యేవాణ్ణి. నా వాక్యం నాలుగో ముక్కలోకి వెళ్ళగానే పెన్ను ఠపీమని బల్ల మీద కొట్టేది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. "మళ్ళీ," అనేది. ఒక్కసారి కూడా బాగా చెప్పావనలేదు.

ఇరవయ్యో తారీఖున వెళ్ళేసరికి విచారణ గది బయట వరండాలో బెంచీ మీద మార్లిస్ కూర్చుని ఉంది. ఏప్రిల్ అంతా ప్రతి విచారణకీ అక్కడే కూర్చుందని అప్పుడు తెలిసింది. థర్లో గారు వద్దని కబురు పంపితే, "గది మీది, వరండా అందరిదీ," అందట.

నాకంటే ముందు ఒక మొదటి సంవత్సరం పిల్ల ఉంది. ఉత్తరాన్ని మడత మీద మడత పెట్టి చీటీలా చేసేసింది. మార్లిస్ ఆ పిల్లకి ఏదో చెబుతోంది, ఆ పిల్ల వినకుండానే తలూపుతోంది. లోపలికెళ్ళింది. తొమ్మిది నిమిషాలకి బయటికొచ్చింది.

"ఏడాది," అంది. "వాళ్ళు అడగనిది కూడా చెప్పేశాను."

మార్లిస్ లేచి ఆ పిల్ల కోటు అందించింది, చేతులు దూర్చుకునేదాకా పట్టుకుంది. తర్వాత నావైపు చూసింది, తాలెంతో చూసే చూపు. నేను తల దించుకున్నాను. "వెళ్ళు, పిలుస్తున్నారు," అంది.

లోపల పొడవాటి బల్ల, ఇవతల నా కుర్చీ ఒక్కటే. దాని పక్కన నేల మీది తివాచీలో నాలుగు గుంటలు, ఇన్నేళ్ళూ ఇంకో కుర్చీ కాళ్ళు నొక్కిన చోట. ఆ గుంటల్నే చూస్తూ కూర్చున్నాను. నోటీసు గురించి అడిగారు. అవునన్నాను. తప్పన్నాను. ఆపేశాను. థర్లో గారు చేతులు కట్టుకుని మెత్తగా నావైపు చూస్తూ ఊరుకున్నారు. నేను నా పెన్నే తీసి బల్ల మీద పెట్టాను. నా పెన్ను మాట నా నోరు వినలేదు.

"ఇంకో రెండు కూడా ఉన్నాయండి," అన్నాను.

నేను ఊరుకుని ఉంటే సొరంగం గోడలు అరవై గంటలు కడగమనేవాళ్ళట, తర్వాత తెలిసింది. అది రెండు వందల గంటలైంది, పైగా ఏడాది పాటు ఇంకే పొరపాటు చేసినా బయటికే. బయటికొచ్చి బెంచీ దగ్గర నిలబడ్డాను.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"రెండూ?"

"రెండూ."

నిబంధనల పుస్తకం మూసి సంచీలో వేసుకుంది. "నాకు పందొమ్మిదేళ్ళప్పుడు సాకు ఉంది," అంది, "నాకెవరూ నేర్పలేదు."

ఏప్రిల్ ఆఖరుకి ఆమె పదవి ముగిసింది. కొత్తవాళ్ళ పోస్టర్లలో మళ్ళీ పళ్ళు. నేను వేసవంతా, ఆ తర్వాత సెప్టెంబర్ అంతా సొరంగంలో గోడలు కడిగాను. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో అర్జీ కాగితాలు. దారి ఇరుకు, నన్ను దాటి పోవాలంటే సంతకం పెట్టాల్సిందే. కాగితం మీద ఒకటే కోరిక: పోయిన పక్క కుర్చీ ఒప్పందాన్ని మళ్ళీ అడగడానికి ప్రత్యేక సభ. కావలసినవి రెండు వందల సంతకాలు. ఏడు వందలొచ్చాయి. సభ నవంబర్ పద్నాలుగున పెట్టారు. ల్యాబులు లేని రోజు చూసి పెట్టించాను. అంశం ఒక్కటే, కుందేలు లేదు. తిండి ఓటు తర్వాత.

మార్లిస్ ఇప్పుడు పదవి లేని మామూలు చివరి సంవత్సరం విద్యార్థి. లైబ్రరీలో కిటికీ పక్కన చదువుకుంటుంటే వెళ్ళి నోటీసు ఆమె పుస్తకం మీద పెట్టాను. నిబంధనల ప్రకారం ఉందో లేదో తారీఖులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇరవై ఒకటి ఉన్నాయి. ఒక అక్షరం తప్పు కనిపించింది, దాన్ని దిద్దింది.

"నూట యాభై మందిని తేగలవా?"

"తెస్తా. నువ్వొస్తే నూట యాభై ఒకటి. వస్తావుగా?"

"వస్తా," అంది, తలెత్తకుండానే. "కోటు విప్పకుండా కూర్చుంటా. నువ్వు లెక్కపెట్టేది దాన్నేగా."